పెరటి పూలచెండు

నూజివీడు పేరు చెప్పగానే తెలుగువారికి నోరూరించే రసాలు గుర్తుకు వస్తాయి. చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయ – ఈ పేర్ల వెంట వేసవి, వేసవి వెంట సెలవులు, సెలవుల వెంట చుట్టాలు తలపులోకి వస్తారు. 2022లో జిల్లాల పునర్విభజన జరిగి ఈ ఊరు కృష్ణా జిల్లాను విడిచి ఏలూరు జిల్లాలో చేరినా, దాని కీర్తి మాత్రం మామిడిపండును విడిచిపోలేదు. అయితే పండుకు ముందు పువ్వు ఉన్నదన్న సంగతి మనలో ఎందరికి స్ఫురిస్తుంది? చలి ముదిరిన రోజుల్లో మామిడి కొమ్మల చివర లేత పసుపు వన్నెలో గుత్తులు గుత్తులుగా పూత తొడుగుతుంది. ఒక్కొక్క గుత్తిలో వందలాది చిరుపూలు, ఒక్కొక్కప్పుడు వేలాది. వాటిలో మగపూలూ ఉంటాయి, ద్విలింగ పుష్పాలూ ఉంటాయి. పిందె కట్టేవి ఆ రెండో రకంలో ఏ కొన్నో మాత్రమే. రైతు దానిని ‘పూత’ అంటాడు గాని ‘పూలు’ అనడు. పూతను చూసి కాపును అంచనా కడతాడు. మంచు దట్టంగా కురిస్తే దిగులు పడతాడు. తేనెమంచు పురుగు సోకిందేమోనని గుత్తిని దగ్గరకు వంచి చూస్తాడు. అందులో తప్పేమీ లేదు. అతని బ్రతుకు దానిమీద నిలిచి ఉన్నది. కాని ఇంటి పెరట్లో సైతం పువ్వును పువ్వుగా చూసే అలవాటు మనకు తప్పిపోతున్నది. నా విచారం దానిని గురించే.

‘పెరటి చెట్టు మందుకు రాదు’ అని సామెత. వైద్యం సంగతి ఏమైనా, ఆ మాట నేడు పూలకు చక్కగా వర్తిస్తున్నది. ప్రహరీ పక్కన నందివర్ధనం విరగబూసి ఉన్న ఇంట్లోనే శుభకార్యానికి జెర్బెరా పూలగుత్తులు దూరపు పట్టణాలనుంచి దిగుతున్నాయి. సభలలో అతిథికి ‘బొకే’ అందిస్తారు. ఆయన దానిని రెండు చేతులా అందుకొని, ఛాయాచిత్రం తీయడం కాగానే వెనుకనున్నవారికి ఇస్తారు; వారు బల్లమీద పెడతారు; సభ ముగిశాక అది అక్కడే ఉంటుంది. చుట్టిన ప్లాస్టిక్ కాగితమూ, కాడలు గుచ్చిన ఆకుపచ్చని స్పంజి ముక్కా చెత్తకుప్ప చేరుతాయి. ఆ స్పంజి కూడా ఒకరకం ప్లాస్టికే; మట్టిలో కలవదు. పూలు వాడిపోవడం ప్రకృతి ధర్మం. వాటి వెంట వాడిపోనిదానిని కూడా పారవేయడం మనం కల్పించుకొన్న ధర్మం.

అంగడి పువ్వుకు మరొక లక్షణం ఉన్నది. దానికి ఋతువు లేదు. చామంతి స్వభావసిద్ధంగా పగళ్లు కురచనైనప్పుడు మొగ్గ తొడిగే మొక్క. రాత్రివేళ తోటలో విద్యుద్దీపాలు వెలిగించి, పగలింకా దీర్ఘంగానే ఉన్నదని దానిని నమ్మించి, కావలసిన నెలలో పూయించే విద్య నేటి సేద్యానికి తెలుసు. కెన్యాలో పూసిన గులాబీ విమానమెక్కి ఐరోపా నగరాలకు చేరుతున్నది. ఈ విద్యలను నేను నిందించను. ఏడాది పొడవునా ఒకే పువ్వు దొరకడం సౌకర్యమే. అయితే ఆ సౌకర్యానికి మనం చెల్లించే మూల్యం ఒకటున్నది. ఎదురుచూడటం మానేస్తున్నాం.

పెరటి పువ్వు ఎదురుచూడటం నేర్పుతుంది. మన ప్రాంతపు పెరడు ఏడాదిలో ఎన్ని వేషాలు మార్చేదో పెద్దలను అడిగి తెలుసుకోవచ్చు. ఉగాదికి వేపపూత రాలుతుంది. దానిని బట్ట పరచి ఏరి, పచ్చడిలో కలుపుతాం. కొత్త సంవత్సరం నాలుకకు తెలిసేది ఒక పువ్వు చేదుతోనే. ఆ వెంటనే మల్లె. మల్లెను సాకేవారు చలికాలంలో దానికి నీరు తగ్గించి, కొమ్మలు కత్తిరించి, దాదాపు మోడు చేసి వదులుతారు. ఎరువు వేసి మళ్లీ నీరు పెట్టగానే కొత్త చిగురు చివర మొగ్గలు వస్తాయి. ఎండ ముదిరేకొద్దీ దాని పరిమళం పెరిగినట్లు తోస్తుంది. ఆడపిల్లలకు మొగ్గలతో పూలజడ కుట్టే వేడుక వేసవిలోనే జరగడానికి కారణం ఆ పూల సమృద్ధే. తొలకరితో సన్నజాజి పందిరి ఎక్కుతుంది. చంద్రకాంత సాయంత్రం నాలుగు గంటల ప్రాంతాన విచ్చుకొంటుంది. గడియారం లేని ఇళ్లలో దానిని చూసి పొయ్యి రాజేసేవారంటే నమ్మవచ్చు. శరత్కాలంలో పారిజాతం. మన పెరళ్లలోని పారిజాతానికి పగడమల్లె అని మరొక పేరు. తెల్లని రేకులు, పగడపు వన్నె కాడ. రాత్రి పూసి తెల్లవారుజామున తానే నేలరాలుతుంది. పిమ్మట బంతి, చామంతి, ఊదారంగు డిసెంబరాలు. ఒక నెల పేరే పువ్వు పేరైపోయిన ఈ చివరి మాటను నిఘంటుకారులు ఏమందురో గాని, నాకది ముచ్చటైన తెలుగు మాట.

ధనుర్మాసంలో గుమ్మడి పువ్వు గొబ్బెమ్మమీదికి వస్తుంది. గొబ్బెమ్మలకు పూలు కోసే పిల్లలకు ఇంటి పెద్దలు ఒక జాగ్రత్త చెప్పేవారు: అడుగున చిన్న పిందె ఉన్న పువ్వును ముట్టరాదు, పొడవాటి సన్నని కాడ ఉన్నదే కోయాలి. మొదటిది ఆడపువ్వు, రెండోది మగపువ్వు. మగపూలు కొన్ని పాదుమీద మిగిలితే చాలు, కాపుకు లోటు రాదు. వృక్షశాస్త్ర పాఠం వినకుండానే ఆ పిల్లలు పరాగసంపర్కాన్ని గ్రహించారు. ఆ పాఠశాల పేరు పెరడు.

తెలంగాణలో బతుకమ్మను పేర్చే స్త్రీలను చూడండి. తంగేడు, గునుగు, కట్ల, బంతి – ఆ ఋతువులో చేలగట్లమీద, చెలకల్లో, ఇళ్ల ముందర ఏవి పూస్తే అవే వరుసలు వరుసలుగా గోపురమై లేస్తాయి. 2014లో తెలంగాణ ప్రభుత్వం రాష్ట్ర పండుగగా ప్రకటించిన ఈ ఉత్సవాన్ని మించిన ఋతుపుష్ప రచన తెలుగు నేలమీద లేదని నా అభిప్రాయం. అందులోని గునుగు చేలో కలుపు మొక్క. కలుపును అమ్మవారిగా నిలబెట్టిన జాతి పూలచెండు కోసం అంగడివైపు చూడటం వింత గాదా?

ఇందులో భాషకు సంబంధించిన చిక్కు కూడా ఉన్నది. ప్రాచీన కావ్యాలు చెప్పే అధ్యాపకునిగా నాకు ఇది మరింత దగ్గరి విషయం. పొగడ, సంపెంగ, మొగలి, సురపొన్న అని పద్యంలో వస్తుంది. ‘ఒక పుష్పవిశేషము’ అని అర్థం రాసుకొని విద్యార్థి ముందుకు సాగుతాడు. పరీక్షకు అది చాలు. కాని ఎండిన తరువాత కూడా వాసన వీడని పొగడపువ్వును ఒక్కసారి చేతిలోకి తీసుకొన్నవానికి ఆ పద్యం వేరుగా అర్థమవుతుంది. వస్తువు కనుమరుగైతే మాట కొంతకాలం నిఘంటువులో తలదాచుకొంటుంది. ఆ తరువాత అక్కడకూడా దానిని వెదికేవారుండరు. ‘ఈ పథకం అభివృద్ధికి దోహదపడుతుంది’ అని వార్తాపత్రికలు నిత్యం రాస్తుంటాయి. దోహదమంటే మొదట గర్భిణి కోరిక. తరువాత చెట్టు పూయడానికి ముందు కోరుకొనేది, పూయించడానికి దానికి చేసే ఉపచారం అన్న అర్థాలు వచ్చాయి. స్త్రీ పాదతాడనంతో అశోకం పూస్తుందనీ, ఆమె పుక్కిలించిన మద్యంతో పొగడ పూస్తుందనీ కవిసమయాలు. పూలతోటనుంచి బయలుదేరిన ఆ పదం నేడు కార్యాలయాల దస్త్రాలలో తిరుగుతున్నది. తాను వచ్చిన తోట దానికే గుర్తులేదు.

శ్రీకృష్ణదేవరాయల ‘ఆముక్తమాల్యద’లో విష్ణుచిత్తుడు శ్రీవిల్లిపుత్తూరులో స్వామికి మాలలు సమర్పించిన భక్తుడు. గోదాదేవి ఆయనకు దొరికింది తోటలోనే. ఆమె ధరించి విడిచిన మాలయే స్వామికి ప్రీతిపాత్రమైంది. ఆ కథ అంగడిలో కొన్న మాలతో నడవదు. నంది తిమ్మన ‘పారిజాతాపహరణం’ మరీ ఆలోచింపజేస్తుంది. నారదుడు తెచ్చిన ఒకే ఒక్క పువ్వును కృష్ణుడు రుక్మిణికి ఇచ్చాడు. సత్యభామ అలిగింది. ఆమె అలుక తీర్చడానికి మరొక పువ్వు తెచ్చి ఇచ్చినా కథ ముగిసేదే. కాని కృష్ణుడు తెచ్చింది చెట్టును. అది సత్యభామ పెరటికి వచ్చింది. కోసిన పువ్వుకూ నాటిన చెట్టుకూ గల తారతమ్యం ఆ మహాకవికి తెలుసు.

‘ఇంతకూ పువ్వును కోయవచ్చునా?’ అని ఎవరైనా అడగవచ్చు. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి గారి ‘పుష్పవిలాపం’ చదివిన, ఘంటసాల గళంలో విన్న తెలుగువారికి ఆ ప్రశ్న సహజం. పూజకు పూలు కోయబోయిన కవిని ఆ పూలే నిలదీస్తాయి. ఆ ఖండికముందు నేనూ తలవంచుతాను. అయినా మొక్క పక్షాన ఒక మాట చెప్పవలసి ఉన్నది. బంతి, జినియా వంటి మొక్కలు విత్తనం కట్టడం కోసమే పూస్తాయి. పువ్వును కొమ్మమీదే ఎండనిస్తే మొక్క శక్తి విత్తనానికి పోతుంది, పూత తగ్గుతుంది. తగుమాత్రంగా కోస్తూ ఉంటే మళ్లీ మళ్లీ పూస్తుంది. పారిజాతమూ, పొగడా కోయవలసిన పనే లేదు, ఏరుకొంటే చాలు. కరుణశ్రీ గారి పూలు మొరపెట్టుకొన్నది మన కాఠిన్యాన్ని గురించి. ఆ మొర పూజకోసం తెల్లవారకముందే పొరుగింటి ప్రహరీమీదుగా చేయి చాచి మొగ్గలతో సహా దూసుకుపోయే భక్తులకు ముందుగా వినిపించాలి!

మరికొందరు స్వదేశీ పూలే పెంచాలంటారు. వారి ఉద్దేశం మంచిదే గాని చరిత్ర అంత సులువైనది కాదు. మన గుమ్మాలకు వేలాడే బంతి మెక్సికో మొక్క. చంద్రకాంత అమెరికా ఖండాలది. చామంతి పుట్టిల్లు చైనా. ఎక్కడినుంచి వచ్చిందన్నదానికన్నా ఇక్కడి మట్టితో, ఇక్కడి ఎండతో సర్దుకొన్నదా అన్నదే పెరటికి ముఖ్యం. పూల సేద్యంమీద బ్రతికేవారికి నష్టం కలుగుతుందన్న సందేహమూ పెట్టుకోనక్కరలేదు. గోదావరి తీరాన కడియం నర్సరీలు మొక్కలు అమ్మి కీర్తి గడించినవే. ఇంటింటా పెరడు పచ్చబడితే వారికి లాభమే. పెళ్లిళ్లకు, దేవాలయాలకు కావలసిన పూలు ఏ పెరడూ తీర్చలేదు.

‘పెరడు ఏది?’ అన్న ప్రశ్నే అన్నిటికన్నా బలమైనది. బావి, పళ్లెం, తులసికోట ఉన్న మండువా ఇళ్లు పోయి అంతస్తుల మేడలు వస్తున్నాయి. మిగిలిన జానెడు నేలమీద కూడా శుభ్రత పేరిట సిమెంటు పోస్తున్నాం. ఇది తేలికగా తీసుకోవలసిన సంగతి కాదు. మామిడి పూతను ఫలవంతం చేసేవి ఈగలు, తేనెటీగల వంటి కీటకాలు. పూత ఉండేది ఏడాదిలో కొద్దివారాలే. తక్కిన నెలల్లో వాటికి తిండి ఎక్కడ? గట్టుమీద, పెరట్లో, రోడ్డు పక్కన పూచే ఏవో పూలలోనే. పూలులేని ఊరు తన పండ్లకు తానే చేటు తెచ్చుకొంటుంది. నేల లేనివారు కుండీలలో మల్లె, బంతి, మందారం పెంచవచ్చు. పూటైనా ఎండ తగలాలి. బియ్యం కడిగిన నీళ్లు పోసినా చాలు.

పూలను ఇంట్లో అమర్చడానికి పెద్ద విద్యేమీ అక్కరలేదు. జపానువారు ఇకెబానా అని రెండు మూడు కొమ్మలతోనే ఋతువును సూచించే కళను సాధించారు. మనకు ఇత్తడి చెంబు ఉన్నది. తెల్లవారు చల్లదనంలో కోసి, కాడను ఏటవాలుగా కత్తిరించి, నీటిలో మునిగే ఆకులు తుంచి పెడితే బంతి, జినియా నాలుగైదు రోజులు నిలుస్తాయి. నీరు రోజూ మార్చాలి. నిలవ నీటిలో దోమ గుడ్లు పెడుతుంది. డెంగీ దోమకు మంచి నీరంటేనే ఇష్టం. గన్నేరు అందమైనదే గాని మొక్క అంతా విషం, పసిపిల్లలున్న ఇంట్లో దానిని చెట్టుకే వదలడం మేలు.

చెంబులోని పువ్వుకు ఉన్న మరొక గుణాన్ని చెప్పకుండా ఉండలేను. జడలోని పువ్వు కొందరిదే. భర్తను పోగొట్టుకొన్న స్త్రీకి మన సమాజం పువ్వును నిషేధించింది. వీరేశలింగం పంతులుగారు రాజమహేంద్రవరంలో 1881 డిసెంబరులో మొదటి వితంతు వివాహం జరిపించి ఇంతకాలమైనా, ఆ నిషేధం చాలా ఇళ్లలో పేరు చెప్పకుండా సాగుతూనే ఉన్నది. తానే నీరుపోసి పెంచిన మల్లెను తాను తప్ప ఇంట్లో అందరూ తురుముకొంటుంటే చూస్తూ కూర్చున్న పెద్దమ్మలు, మేనత్తలు మనలో చాలామందికి ఉంటారు. వసారాలో గూటిమీద పెట్టిన పూలచెంబుకు ఆ భేదం తెలియదు. మగవానికీ, ముసలివానికీ, ఆమెకూ దాని పరిమళం ఒకటే. ఆచారంమీద వాదన గెలవలేని ఇంట్లో కూడా ఒక చెంబు పెట్టవచ్చు. ఆ పూలను అమర్చే పని ఆమెకే అప్పగించవచ్చు.

నూజివీడు ప్రాంతపు ఇళ్లకు ప్రత్యేకంగా ఒక్క జాగ్రత్త. మల్లెలకాలమూ, మామిడి మాగవేసే కాలమూ ఒకటే. గడ్డిలో మాగుతున్న పండు ఇథిలీన్ అనే వాయువును విడుస్తుంది. పక్కకాయను పండించేది అదే, పక్కనున్న పువ్వును తొందరగా వాడ్చేదీ అదే. కాబట్టి వేసవిలో రసాల గంపను వెనకగదిలో ఉంచి, పూలచెంబును వీధివసారాలోకి తెచ్చుకోవాలి. వచ్చిన చుట్టానికి ముందు పువ్వు కనిపిస్తుంది, తరువాత పండు అందుతుంది. చెట్టు పాటించే వరుస కూడా అదే.