ఎరువు గోల్‌కీపరు



ఈ మాసము వర్షకాలపు ఊరగాయలను గూర్చి వ్రాయుదునని పోయిన సంచికలో మాట యిచ్చితిని. ఆ మాట తప్పుచున్నందుకు మన్నింపవలెను. మా యింట నొక చిన్న తగవు వచ్చినది. అది బంతియాటను గూర్చిన తగవు.

మా హనుమాన్ జంక్షనును మీలో ననేకులు బస్సు కిటికీలోనుండి చూచియే యుందురు. ఆంజనేయస్వామివారి గుడిని బట్టియే యీ కూడలికి పేరు వచ్చినది. ఒక త్రోవ బెజవాడకు, ఒకటి ఏలూరునకు, ఒకటి నూజివీటికి, ఒకటి గుడివాడకు. ఎక్కడికో పోవువారు దిగి మరియొక బండి యెక్కు చోటేగాని, యిదియే మా గమ్యమని వచ్చువారు తక్కువ. ఇట్టి యూర మా మనుమరాలు, ఎనిమిదవ తరగతి చదువునది, పాఠశాల ఫుట్‌బాలు జట్టులో గోలు కాచుచున్నది. ఆడపిల్లకు చేతులకు తొడుగులు, మోకాళ్ళకు పట్టీలు! మొదట నేనును ముక్కుమీద వ్రేలు వేసికొన్నదాననే.

నెల క్రిందట పొరుగూరి జట్టులో గోలు కాచెడి పిల్లకు చేయి బెణికినది. వారి పెద్ద యొకరు మా యింటికి వచ్చి, "అమ్మగారూ, ఈ ఆదివారపు పోటీకి మీ పిల్లను మాకు ఎరువిప్పించండి" అని నవ్వుచు నడిగిరి. పిల్ల గంతులు వేయుచు పోయినది. ఆట ముగియబోవు సమయమున నొక సులువైన బంతి దాని చేతులలోనుండి జారి గోలులోనికి పోయినది. జట్టు ఓడినది. తిరిగి వచ్చునప్పుడు వెనుకనుండి యెవరో, "ఎరువు పిల్ల గదా, దానికేమి నొప్పి!" అన్నారట. ఆ రాత్రి అది అన్నము ముట్టలేదు.

మా కోడలు చేతితొడుగులను అటకమీదికి విసరి, "ఎరువుల సొమ్ము బరువుల చేటని పెద్దలు ఊరకే అన్నారా, అత్తయ్యా? ఇక చాలు" అని తీర్పు చెప్పినది. మా అబ్బాయి పత్రికలో మొగము దాచుకొనెను. ఆ తీర్పునకు నన్ను సాక్షిగా నిలుచుండుమని కోడలి కోరిక. నేను వారము గడువడిగితిని.

మా అక్కగారి మనుమడొకడు ఇటలీలో మిలాను నగరమున చదువుకొనుచున్నాడు. ఫోనులో వానికి ఈ గోడు వినిపింపగా వాడు, "అమ్మమ్మా, ఇక్కడ ఎరువుకు పోవుటయే పెద్ద ఆటగాండ్రకు బ్రతుకు" అని యొక రొమేనియా దేశపు గోల్‌కీపరు కథ చెప్పినాడు. ఆ దేశములలో ఆటగాడు ఒక సంఘముతో ఒప్పందము వ్రాసికొనును. ఆ సంఘమునకు ఆ యేడు అతనితో పని లేనిచో, ఒప్పందము తమవద్దనే యుంచుకొని, అతనిని ఇంకొక సంఘమునకు ఆరు మాసములకో, యేడాదికో పంపుదురు. గడువు తీరినంతనే అతడు తిరిగి రావలెను. పెండ్లికి పొరుగింటి కాసులపేరు తెచ్చుకొని మరునాడు తిరిగి యిచ్చినట్లే యున్నది. కాసులపేరునకు ఆకలి నిద్రలు లేవు, ఊరు మారిన బెంగ లేదు. తేడా యంతే.

గోల్‌కీపర్లకు ఈ యెరువు మరింత యెక్కువ. పరుగిడు ఆటగాడు ఒకచోట తావు లేకున్న మరియొకచోట నిలువగలడు. గోలు వాకిలి మాత్ర మొక్కటియే. ఇరువదినాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తుగల ఆ వాకిట నొక్కడే నిలుచును. రెండవవాడు ఎంత గట్టివాడైనను బల్లమీద కూర్చుండవలసినదే. కూర్చుండి కూర్చుండి చేతులకు తుప్పు పట్టునని పడుచు గోల్‌కీపర్లను ఆడించుకొనువారి కడకు పంపుదురు.

ఆ రొమేనియా వాని పేరు యోనుత్ రాడు. 1997 లో బుకారెస్టు నగరమున పుట్టెను. పిన్నవయసుననే ఇటలీ చేరి, 2013 లో మిలానులోని ఇంటరు అను గొప్ప సంఘపు బాలుర శ్రేణిలో ప్రవేశించెను. పెద్దల జట్టులో తొలిసారి 2016 మే మాసమున వాకిట నిలిచెను. అటుపై మూటముల్లె విప్పినది లేదు. 2017 లో అవెల్లీనో, పిమ్మట జెనోవా, 2020 మొదట పార్మా. 2019 లో ఇరువదియొక్కయేండ్ల లోపు వారి ఐరోపా పోటీలో తన దేశపు గోలు కాచి, రొమేనియా కడవరకు మిగిలిన నాలుగు జట్లలో నొకటి యగుటకు తోడ్పడెను. తిరిగి ఇంటరుకు వచ్చి, హాండనోవిచ్ అను పెద్ద గోల్‌కీపరు వెనుక బల్లమీద కూర్చుండెను.

2022 ఏప్రిలు 27 వ తేదీన హాండనోవిచ్‌కు దెబ్బ తగిలి యుండుటచే బొలోన్యా నగరమున ఇతనికి వాకిలి దక్కెను. ఆనాడు గెలిచినచో ఇంటరువారు దేశపు పట్టికలో మొదటివారగుదురు. ఆట ఒకటికి ఒకటిగా నున్నది. ఇంక పది నిముషములున్నవనగా తన జట్టువాడే గీతవెలుపలి నుండి బంతిని చేతితో ఇతనివైపు విసరెను. అట్టి బంతిని గోల్‌కీపరు చేతితో పట్టరాదని ఆటలో కట్టడి యున్నది. కాలితోనే తన్నవలెను. రాడు కాలెత్తి తన్నెను. కాలికి బంతి సరిగా తగులలేదు. ఎదుటివాడు వచ్చి దానిని వాకిటిలోనికి త్రోసెను. ఇంటరు ఓడెను. ఆ యేటి చివరకు మిలాను జట్టుకు 86 పాయింట్లు, ఇంటరుకు 84. ఆనాడు గెలిచియున్న, తక్కిన ఆటలన్నియు ఉన్నట్లే యున్న, కిరీటము ఇంటరుదే.

మా మనుమరాలి చేతి బంతి పోయినది పొరుగూరి ఆదివారపు పోటీలో. ఇతని కాలి బంతి పోయినది దేశదేశముల జనము చూచుచుండగా. లెక్కల పుస్తకమువలె తప్పును అంకెలలో చూపి యింత కఠినముగా పలుకరించు ఆట మరియొకటి నేనెరుగను.

పిమ్మట? అదే యేడు క్రెమోనా జట్టునకు ఎరువు. అచ్చట కొన్నాళ్ళకే వాకిలి మరియొకనికి దక్కెను. 2023 లో ఫ్రాన్సు దేశమున ఓసేర్, పిదప ఇంగ్లండున బోర్న్‌మత్, 2025 లో వెనీసు నగరపు జట్టు. ప్రతిచోటను క్రొత్త యిల్లు, క్రొత్త భాష, గోలుముందు నిలుచు క్రొత్త తోటివారు. ఎట్టకేలకు 2025 వేసవిలో ఇంటరు ఋణము తీర్చుకొని స్పెయినులోని సెల్టా అను జట్టున చేరెను. ఈసారి ఎరువు కాదు.

"అది దొరల దేశపు మాట, మనకేల?" యని కోడలు అడిగినది. న్యాయమైన ప్రశ్నయే. అందుచే మన గడ్డపై పుట్టిన గోల్‌కీపరును తలచుకొంటిని.

పీటరు తంగరాజు 1935 లో హైదరాబాదున జన్మించెను. సికింద్రాబాదు చిన్న సంఘములలో ఆడి, పిదప సైన్యమున మద్రాసు రెజిమెంటలు కేంద్రమున చేరెను. మొదట ముందువరుసలో గోలు కొట్టువాడుగా నుండి, తరువాత గోలు కాచువాడాయెను. దొంగతనము విడిచి కావలి కుదిరినట్లు! ఆరడుగులను మించిన పొడగరి. ఆ సైనిక జట్టు 1955 లోను, 1958 లోను డ్యూరాండు కప్పు గెలిచినది. అతడు ఒప్పందముపై ఎరువు పోయినవాడు కాడు గాని, ఒకే నీడను నిలిచినవాడును కాడు. ఆ దినములలో మన ఆటగాండ్రకు అన్నము పెట్టినవి ఎక్కువగా సైన్యము, పోలీసు, రైల్వేవంటి ఉద్యోగపు జట్లే. సర్వీసెసు పక్షమున ఆడిన చేతులే అటుపై బెంగాలు పక్షమునను, రైల్వే పక్షమునను ఆడినవి. కలకత్తాలో మహమ్మడన్ స్పోర్టింగు, ఈస్టు బెంగాలు, మోహన్ బగాను అను మూడు సంఘములును ఒకదాని మొగము ఒకటి చూడవు. ఈతడు మూడింటి వాకిళ్ళును కాచెను. 1956 లో మెల్బోర్నునకును, 1960 లో రోమునకును పోయిన మన ఒలింపిక్ జట్లలో నుండెను. 1958 లో ఆసియాలోకెల్ల ఉత్తమ గోల్‌కీపరని పేరుపొందెను.

నాకు నచ్చినది 1962 నాటి జకార్తా ముచ్చట. ఏషియా క్రీడలలో మన జట్టునకు శిక్షకుడు హైదరాబాదువాడైన సయ్యదు అబ్దుల్ రహీం. పూర్వము బడిపంతులు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో రెండు గోళ్ళతో ఓడిరి. పిమ్మట తంగరాజు జ్వరపడగా ప్రద్యుత్ బర్మన్ అనువాడు గోలు కాచుచు జట్టును చివరి పోటీవరకు తెచ్చెను. సెప్టెంబరు 4 న చివరి ఆట మరల ఆ కొరియాతోనే. రహీం గారు, జ్వరము వదలి వదలని తంగరాజును పిలిచి వాకిట నిలిపిరి. జర్నయిలు సింగు తలకు కుట్లతోనే ఆడెను. లక్షమంది జనము మనవారికి ఎదురు తిరిగి అరచుచుండిరి. మనవారు రెండు గోళ్ళు కొట్టిరి. కొరియావారు చివరి నిముషములలో నొకటి కొట్టిరి. రెండవది పడనీయలేదు. ఏషియా క్రీడల ఫుట్‌బాలులో భారతదేశమునకు స్వర్ణపతకము అదియే కడపటిది. రహీం గారు మరుసటి యేడు జూనులో క్యాన్సరుతో గతించిరి. తంగరాజుకు 1967 లో అర్జున పురస్కారము వచ్చినది. ఆట మానినపిదప పిల్లలకు ఆట నేర్పుచు, 2008 నవంబరులో బొకారోలో కన్నుమూసెను.

ఈ కథ చెప్పుచున్నంతసేపును నా మనస్సు మాత్రము బర్మన్ మీదనే యుండెను. జట్టును అంతవరకు తెచ్చి, చివరినాడు బల్లమీద కూర్చుండినవాడు. అతని తల్లి ఏమనుకొన్నదో!

కోడలు కూరగాయలు తరుగుచునే యంతయు విన్నది. మనుమరాలు, "నాయనమ్మా, ఆ రొమేనియా అతను బంతి పోయిన తరువాత ఎన్ని రోజులకు మళ్ళీ గోలులో నిలబడ్డాడు?" అని యడిగినది. తప్పును గూర్చి అడుగలేదు, గెలుపును గూర్చి అడుగలేదు. రోజులు అడిగినది. కోడలు కత్తిపీట ప్రక్కకు నెట్టి లేచి, అటక క్రింద ముక్కాలిపీట వేసికొన్నది. "పరీక్షల నెలలో ఎవరు అడిగినా పంపను, ముందే చెప్తున్నా" అన్నది. నేను మారు పలుకలేదు.

తొడుగులు అటకమీది దుమ్ముతో నిండియుండుటచే మా కోడలు వానిని చాకలిసోడాతో ఉతికి మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆరవేసినది. అరచేతుల రబ్బరు పెళుసై పగిలినది. ఇట్టి తొడుగులున్న యిండ్లవారు గోరువెచ్చని నీటిలో కొంచెము మెత్తని సబ్బు వేసి, పిండక, అదిమి నీరు తీసి, నీడను ఆరవేయవలెను. మేము క్రొత్తజత కొనవలసివచ్చినది. ఊరగాయలు వచ్చు మాసము.