రుహా పట్టణము – బిషప్పుల పీఠము

ఉర్దూ గ్రంథాలు చదివే మన విద్యార్థులకు రుహా అనే పేరు కొత్తది కాదు. తుర్కీ ఆగ్నేయ భాగంలోని నేటి ఉర్ఫా నగరమే అది. గ్రీకులు దానిని ఎడెస్సా అన్నారు. నమ్రూదు రగిల్చిన అగ్ని హజ్రత్ ఇబ్రాహీం అలైహిస్సలాం వారికి చల్లనైన చోటు అదేనని అక్కడివారి విశ్వాసం. ఆ కొలనులోని చేపలను ఎవరూ పట్టరు. సుమారు క్రీ.శ. 384లో ఎజీరియా అనే క్రైస్తవ యాత్రికురాలు ఆ ఊరికి వెళ్ళగా, బిషప్పు స్వయంగా వెంట ఉండి ఊరంతా చూపించాడు. అక్కడి నీటిలోని చేపలను గూర్చి ఆమె కూడా అబ్బురపడి వ్రాసుకొన్నది.

ఇంతటి పట్టణం మన విద్యార్థుల జవాబు పత్రాలలో 1144 అనే ఒక్క సంవత్సరంగా మిగిలిపోవడం మాకు విచారం కలిగిస్తున్నది. ఇమాదుద్దీన్ జంగీ క్రూసేడర్ల నుండి దానిని గెలిచినాడు. అంతటితో పాఠం ముగిసినది!

రుహా సురియానీ భాషకు పుట్టినిల్లు. అక్కడి విద్యాపీఠాన్ని సిద్ధాంత భేదాల కారణంగా 489లో మూయించినవాడు క్రైస్తవ చక్రవర్తియైన జీనోయే. గురువులు ఇరాన్ ఏలుబడిలోని నిసీబిస్‌లో తమ బోధన సాగించారు. సుమారు 639లో ఇయాజ్ ఇబ్న్ గన్మ్‌కు పట్టణం ఒడంబడికపై లొంగినది. చర్చిలు నిలిచినవి, బిషప్పుల పీఠమూ నిలిచినది.

ఆ పీఠంపై కూర్చున్నవారిలో మాకు మిక్కిలి ప్రియమైనవాడు యాకూబ్. 684 ప్రాంతాన బిషప్పు అయినాడు. నియమపాలనలో పట్టుదల గలవాడు. తోటి మతాచార్యులు పాత నియమాలను లక్ష్యపెట్టడం లేదని ఆగ్రహించి, ఆ నియమాల ప్రతిని తగులబెట్టి నాలుగేళ్ళకే పదవి విడిచినాడు. (ఇట్టి అధ్యాపకులను మనమూ ఎరుగుదుము.) సురియానీ లిపికి అచ్చుల గుర్తులు కూర్చుటకు శ్రమించినవాడు ఆయనే. ముస్లింల బిడ్డలకు క్రైస్తవ గురువు చదువు చెప్పవచ్చునా అని అడిగినవారికి, అవసరమైతే చెప్పవచ్చునని ఆయన సమాధానమిచ్చినాడు. మా దృష్టిలో ఈ సమాధానం ఒక కోట పతనం కంటె తక్కువ ముఖ్యమైనది కాదు. 10వ శతాబ్దపు భూగోళవేత్త అల్-ముకద్దసీ రుహాలోని చర్చిని ప్రపంచ అద్భుతాలలో ఒకటిగా ఎంచినాడు. అతడు ముస్లిమే.

1144ను దాచమని మేము అనము. ఆనాడు జంగీ ఊచకోతను ఆపించి, స్థానిక క్రైస్తవులను బ్రతుకనిచ్చి, వారి బిషప్పును ఆదరించినాడు. ఇది చెప్పుకొనుటకు మనకు ఇష్టమే. కాని 1146లో, జంగీ మరణానంతరం, జోస్లిన్ పట్టణాన్ని తిరిగి ఆక్రమింపజూచినప్పుడు, నూరుద్దీన్ సేనలు వేలాది క్రైస్తవులను చంపి, మిగిలినవారిని బానిసలుగా కొనిపోయినవి. అర్మేనియన్లు, సురియానీలు తరతరాలుగా నివసించిన ఊరు పాడుపడినది. మొదటిది వ్రాసి రెండవది విడిచే విద్యార్థికి మేము మార్కులు తగ్గించుచున్నాము. అతడు మా మతస్థుడైనను సరే.

కళాశాల కమిటీ వారికి ఒక విన్నపం. మన గ్రంథాలయంలో క్రూసేడు యుద్ధాలపై పుస్తకాలు ఉన్నవి. సురియానీ క్రైస్తవుల చరిత్రపై ఒక్కటియు లేదు. వచ్చే ఏటి కొనుగోలు జాబితాలో రెండు మూడింటికి చోటు కల్పింపగోరుచున్నాము.