కోహాల రాజుకు రంగులెందుకు?

హవాయి దీవులలో కెల్ల పెద్దదైన దీవికి ఉత్తరపు కొసన కోహాల అనే సీమ ఉన్నది. అక్కడి కపాఅవు అనే చిన్న ఊరిలో, పాత న్యాయస్థానం ఎదుట, ఒక రాజవిగ్రహం నిలిచి ఉంటుంది. ఏటా జూన్ 11న ఊరివారు ఆ విగ్రహానికి పొడవాటి పూలమాలలు వేస్తారు. స్తోత్రాలు పఠిస్తారు, హులా ఆడతారు. దీవికొక రంగు, దీవికొక పువ్వు చొప్పున అలంకరించుకున్న స్త్రీలు గుర్రాలెక్కి ఊరేగుతారు. ఆ రాజు మొదటి కమేహమేహ. 1810 నాటికి దీవులన్నిటినీ ఏకచ్ఛత్రం క్రిందికి తెచ్చినవాడు. ఆయన పుట్టిన సీమ ఇదే.

ఈ ఉత్సవాన్ని గురించి చదువుతున్నప్పుడు నన్ను పట్టి నిలిపినది ఊరేగింపు కాదు, విగ్రహానికున్న రంగులు. గోధుమరంగు మేను, నల్లని జుట్టు, పసుపుపచ్చని ఉత్తరీయం. కంచు విగ్రహానికి ఇంటిగోడకు వేసినట్టు రంగులు వేశారు!

దాని కథ చిత్రమైనది. థామస్ గౌల్డ్ అనే అమెరికన్ శిల్పి దీనిని ఫ్లారెన్సులో రూపొందించాడు. 1880లో ఓడలో వస్తూ ఫాక్లండ్ దీవుల దగ్గర సముద్రంలో మునిగిపోయింది. బీమా సొమ్ముతో మరొకటి పోతపోయించారు. అంతలో మొదటిది బయటపడింది. కొత్తది 1883లో రాజధాని హొనలూలూకు దక్కింది. మునిగి తేలినది అదే ఏడు రాజు పుట్టిన సీమకు చేరింది. నేటికీ హొనలూలూ విగ్రహం బంగారు పూతతో మెరుస్తుంటే, కోహాల విగ్రహం రంగులు పూసుకొని ఉంటుంది.

మా ఊరి కూడలిలో గాంధీగారి విగ్రహం ఉండేది. ప్రతి ఆగస్టుకూ వెండిరంగు పూసేవారు. కళ్ళద్దాలు, కళ్ళు, మీసం అన్నీ ఒకే పూతలో కలిసిపోయేవి. చదువుకున్నవాణ్ణి కనుక నేను నవ్వేవాణ్ణి. ఆ నవ్వు తప్పని కోహాల చెప్పింది.

విగ్రహ పరిరక్షణకు వచ్చిన గ్లెన్ వార్టన్ అనే నిపుణుడు, శిల్పి ఉద్దేశించిన కంచు, బంగారు రూపాన్ని తిరిగి తేవచ్చునని అన్నాడు. శాస్త్రం ఆయన పక్షాన ఉన్నది. అయినా తాను తీర్పు చెప్పక ఊరిని అడిగాడు. ఏళ్ళ తరబడి చర్చ జరిగింది. ఊరు రంగుల వైపే మొగ్గింది. 2001లో తుప్పు వదిలించి, మళ్ళీ రంగులే వేశారు. నిపుణుడు ఓడిపోయాడని కొందరనవచ్చు. నేననను. శిల్పి ఆ విగ్రహాన్ని ఒక్కసారి చేశాడు; ఊరివారు నూరేళ్ళకు పైగా చేస్తూనే ఉన్నారు. ఏటా మాల వేసే చేతికి ఎదురుగా ఉన్నది కళాఖండం కాదు, తాతగారు. తాతగారి ముఖం మనిషి ముఖంలా ఉండాలని కోరుకోవడం అజ్ఞానమా?

ఒక్క ఆక్షేపణ మిగులుతుంది. కమేహమేహ రక్తపాతం లేకుండా రాజ్యం కట్టలేదు. 1795 నాటి నూఉవాను యుద్ధమే సాక్ష్యం. విజేతకు మాలలు వేయడం నాకెప్పుడూ ఇబ్బందిగానే ఉంటుంది. కాని ఆయన పేర మరొకటి కూడా నిలిచింది. యౌవనంలో బెస్తవాళ్ళను తరుముతూ రాళ్ళ సందున కాలు ఇరుక్కుంటే, వారిలో ఒకడు తెడ్డుతో ఆయన తల మీద కొట్టాడట, తెడ్డు ముక్కలైందట. తరువాతి కాలంలో ఆ బెస్తవాణ్ణి ఎదుటికి తెస్తే, తప్పు తనదేనని క్షమించి, వృద్ధులూ స్త్రీలూ పిల్లలూ దారి ప్రక్కన నిర్భయంగా పడుకోవచ్చునని శాసనం చేశాడు. దాని పేరు విరిగిన తెడ్డు శాసనం. నేటి హవాయి రాజ్యాంగంలో దానికి స్థానముంది.

ఆయన మనుమడు అయిదవ కమేహమేహ 1871లో ఈ పండుగను ప్రకటించాడు. 1893లో ఆ రాజ్యమే కూలిపోయింది. కోహాలలో చెరకు తోటలు వచ్చాయి, 1970లలో మూతపడ్డాయి. రాజ్యమూ పోయింది, చక్కెరా పోయింది, మాల మిగిలింది. ఏ ప్రభుత్వం ఆజ్ఞాపిస్తే నిలుస్తుందది?

మా గాంధీగారికి ఈ ఆగస్టులో ఎవరైనా రంగు వేస్తుంటే, ఈసారి నవ్వను. కళ్ళద్దాలకు మాత్రం నల్లరంగు వేయమని అడుగుతాను.