అనుమతి యెవ్వరి పేరిటిది?

అమెరికాలో పొలముపనుల కాలమునకు విదేశపు కూలీలను రప్పింపగోరు యజమాని ‘హెచ్-2ఏ’ అనుమతిని బడయవలెను. ఇది 1986 నాటి శాసనముచే నేర్పడిన పద్ధతి. పని మొదలగుటకు 60 దినములకు తక్కువగాక, 75 దినములకు మించక ముందుగా ఆ పని వివరముల పత్రమును కార్మికశాఖకు సమర్పింపవలెను. స్వదేశపు కూలీలు చాలినంతమంది దొరకరనియు, పరదేశీయుల రాకచే స్థానికుల కూలిరేట్లు పడిపోవనియు కార్మికశాఖ ధ్రువపత్ర మీయవలెను. పిమ్మట వలసశాఖకు అర్జీ, తుదకు వీసా. యజమాని బస చూపవలెను. ఒడంబడికలోని పనిదినములలో నాలుగింట మూడువంతులకు పూచీపడవలెను. కూలీయొద్ద కుదుర్పు రుసుము పుచ్చుకొనరాదు. కాగితముమీద నివి మంచి నిబంధనలే.

అయితే యీ విచారణ యంతటిలో కూలీ వాదియు గాడు, సాక్షియు గాడు. యజమాని తొలగించెనేని, వేఱొక యజమాని తనకై అర్జీ పెట్టిననే గాని వాడచ్చట పనిచేయజాలడు. నిషేధ మున్నను దళారికి సొమ్ము ముట్టజెప్పి, అప్పుతో మెక్సికో పల్లెనుండి వచ్చినవాడు కూలి తక్కువ పడినపుడు నోరెత్తునా?

1860 లో మద్రాసు రేవునుండి నేటాలు చెఱకుతోటలకు ఒడంబడికపై బోయినవారిలో తెలుగువారును గలరు. ఆ పద్ధతిలోను ముద్రలకును, సంరక్షకోద్యోగులకును కొదువ లేదు. హెచ్-2ఏ కూలీ వారివంటివాడు గాడు, నిజమే. తలచినపుడు ఇల్లు చేరవచ్చును. ఇల్లు చేరుట యొక్కటియే చాలునా? ఆ పంటకాలము ముగియువఱకు, నిబంధనలకు లోబడిన యే యజమానియొద్దనైనను పనిచేయు హక్కును కూలీ పేరిటనే వ్రాసి యీయవలయును.