అడిగి నాటిన మొక్క

అమెరికా బడులలో తోటపని నిన్న మొన్నటి వేడుక కాదు. 1891లో బోస్టన్ నగరపు రాక్స్‌బరీ పేటలో, జార్జి పుట్నమ్ పాఠశాలయందు వెలసినది ఈ దేశపు తొలి బడితోటగా పేర్కొనబడుచున్నది. 1902లో న్యూయార్కు నగరమున ఫానీ పార్సన్స్ అను వనిత పాడుపడియున్న పార్కు స్థలమును బాగుచేయించి పిల్లల పొలముగా మార్చినప్పుడు, తన ఉద్దేశము కూరగాయలు పండించుట మాత్రమే కాదనియు, పదిమంది సొత్తును తన సొత్తువలె కాపాడు గుణమును పసితనముననే అలవరచుట యనియు స్పష్టముగా చెప్పెను. మొదటి ప్రపంచయుద్ధ కాలమున ప్రభుత్వమే బడితోటల సైన్యమను పేర బాలబాలికలను సమీకరించినది. 1995లో బర్క్‌లీలోని ఒక మిడిల్ స్కూలులో ఆలిస్ వాటర్స్ ఆరంభింపజేసిన తోట ఆ పాత సంప్రదాయమునకు మరల జీవము పోసినది. ఇన్ని తరములుగా నడచివచ్చిన ఈ తోటలలోనికి ఇప్పుడు మన పిల్లలును, వారి వెనుక మనమును ప్రవేశించుచున్నాము. చేత గోంగూర విత్తనములును కరివేపాకు మొక్కయు పట్టుకొని వచ్చుచున్నాము. ఆ పట్టుకొనివచ్చుటను గూర్చియే ఈ సంచికలో మా నాలుగు మాటలు.

మన తల్లిదండ్రుల ఔదార్యమునకు కొదువ లేదు. శనివారము ఉదయము పలుగు పార తీసికొని రండని టీచరుగారు కబురంపినచో ఇరువురు చాలిన పనికి పదిమంది వత్తురు. కాని మన పెరటిలో మొక్క నాటుటకు ఎవ్వరి సెలవును అక్కరలేని వాడుకలో పెరిగినవారము గనుక, బడిలో ఒక మడి త్రవ్వుటకు ప్రిన్సిపాలు సంతకమును, స్కూల్ డిస్ట్రిక్టు ఆమోదమును, అనేక చోట్ల పిల్లల నడుమ మెలగు పెద్దలకు వేలిముద్రల తనిఖీయు కావలెనని వినినంతనే విసుగుకొందుము. మా అభిప్రాయమున ఆ కాగితములే తోటలోని మొదటి పాఠము. దానిని ఎగవేసి రెండవ పాఠమునకు దుమికినవానికి మొక్కలు పెంచుట వచ్చునేమో గాని, పరుల నేలమీద పెంచుట రాదు.

కరివేపాకునే తీసికొందము. పోపులో చిటపటలాడు ఆ రెబ్బ ఎంత నిరపాయమైనదో మనకు తెలియును. తెలియనిది దాని లేత చిగుళ్ళలో కాపురముండగల పురుగు సంగతి. నిమ్మ, నారింజ, బత్తాయిలతో కరివేపాకునకు వృక్షశాస్త్రరీత్యా దగ్గరి చుట్టరికము కలదు. ఆ చుట్టరికమువలననే ఆసియా సిట్రస్ సిల్లిడ్ అను నువ్వుగింజంత కీటకమునకు ఆ చెట్లతోపాటు కరివేపాకును ప్రీతిపాత్రమైనది. ఆ కీటకము నారింజ జాతి చెట్లమీద వ్రాలి రసము పీల్చునప్పుడు హువాంగ్‌లాంగ్‌బింగ్ అను తెగులును ఒకదానినుండి మరియొకదానికి మోసికొనిపోవును. తెగులు సోకిన చెట్టును నయముచేయు మందు నేటివరకు లేదు, కాయలు సరిగా పండకయే చేదెక్కి రాలును, కొన్ని యేండ్లలో చెట్టే ఎండిపోవును. 2005లో ఫ్లోరిడాలో ఈ తెగులు కనబడినది. 2003-04లో 24 కోట్ల పెట్టెలు దాటిన ఆ రాష్ట్రపు నారింజ దిగుబడి, తుపానులును తోడుకాగా, ఇరువది యేండ్లలో రెండు కోట్లకు లోబడినది. కాలిఫోర్నియాలో కీటకము 2008లోను తెగులు 2012లోను బయటపడినవి. కావుననే అచట క్వారంటీను విధించిన ప్రాంతములనుండి ఇష్టము వచ్చినట్లు కరివేపాకు మొక్కను తరలించుట నిషిద్ధము. స్నేహితురాలి పెరటిలోని పిలకను కుండీతో సహా కారులో పెట్టుకొని, జిల్లాలు దాటి వచ్చి బడికి బహూకరించు తల్లి సదుద్దేశమును మేము శంకింపము. తనతోపాటు ఎవరెవరు ప్రయాణించుచున్నారో ఆమె ఎరుగదు, అంతియే. లైసెన్సు గల నర్సరీలో మొక్కను కొని రసీదును టీచరుగారి చేతిలో పెట్టుట పెద్ద శ్రమ కాదు.

గోంగూర కథ వేరు. పగళ్ళు కురుచగునప్పుడు గాని ఆ మొక్క పూయదు. న్యూజెర్సీ, మిచిగన్ వంటి చలిసీమలలో పూచి, కాచి, గింజ ముదురులోపలనే మంచు విరుచుకొనిపడును. ఆకునకు లోటు లేదు, విత్తనమే దక్కదు. ఏటేట క్రొత్త విత్తనము వెదకికొనవలసి వచ్చుచుండగా, అందుకు సుళువైన త్రోవ గుంటూరునుండి దిగు అత్తగారి సూట్‌కేసు. నాటు విత్తనమును ఈ దేశమునకు తేవలెనన్నచో, భారత అధికారుల ఆరోగ్య ధ్రువపత్రమైనను, కొద్దిపాటి విత్తనములకై అమెరికా వ్యవసాయశాఖ ముందుగా నిచ్చు పర్మిట్టైనను ఉండవలెను. విమానాశ్రయమున ఆ సంగతి దాచక చెప్పవలెను. ఇచ్చటి విత్తన వ్యాపారులే గోంగూర గింజలు అమ్ముచుండగా, పదిమంది సొత్తును గౌరవింప నేర్పు మడిలో దొంగచాటు గింజ నాటనేల? గోంగూరలో చీలిన ఆకుల రకమును పెంచువారికి మరియొక హెచ్చరిక కలదు. 2014లో జార్జియా రాష్ట్రమున హెలికాప్టరులో గాలించుచున్న పోలీసులు ఒక గృహస్థుని బెండమొక్కలను గంజాయి యని భ్రమించి, ఆయుధములతో వచ్చి ఇంటిమీద పడి, తుదకు క్షమాపణ చెప్పుకొని మరలిపోయిరి. బెండకే ఆ గతి పట్టినప్పుడు గోంగూర మడియొద్ద పేరు వ్రాసిన పలక యొకటి పాతుట బుద్ధిమంతుల లక్షణము.

భద్రత యనగానే మనవారి దృష్టి ముళ్ళమీదను కందిరీగలమీదను నిలుచును. అవియు చూడవలసినవే, తేనెటీగ కుట్టినంతనే ఊపిరాడని పిల్లలెవరో, వారికి పొడువవలసిన సూదిమందు ఎచ్చట నున్నదో ఎరిగిన పెద్ద ఒకరు మడియొద్ద ఉండితీరవలెను. అయితే పెద్ద ముప్పులు కంటికి ఆనవు. పాత భవనముల గోడలనుండి రాలిన సీసపు రంగు మట్టిలో తరములు గడచినను కరగిపోదు. కనుక మట్టిని ప్రయోగశాలకు పంపి పరీక్షింపక విత్తనము చల్లరాదు. సందేహమున్నచోట ఎత్తైన చెక్కపెట్టెలలో క్రొత్త మట్టి నింపి మడులు కట్టుదురు. ఆ పెట్టెలకై ఎవరైనను పాత డెక్కు పలకలను ఉచితముగా ఇత్తుమన్నచో దండము పెట్టి వలదనవలెను, ఏలయన 2003 చివరివరకు అట్టి కలపకు పట్టించుచుండిన మందులో ఆర్సెనిక్ ఉండెడిది. గునపము దింపుటకు ముందు 811కు ఫోను చేసినచో గ్యాసు గొట్టముల, కరెంటు తీగల జాడలను రుసుము లేకయే నేలపై గుర్తించిపోవుదురు. బడి ఆవరణలోని సొంత గొట్టముల జాడ మాత్రము బడి సిబ్బందినే అడుగవలెను. పచ్చిపేడయనిన రైతుబిడ్డలమైన మనకు ప్రాణము లేచివచ్చును గాని, నేలను తాకు పంటకు అది వేసినపిమ్మట కోతకు 120 దినములు ఆగవలెనని ఇచ్చటి సేంద్రియ సేద్యపు నియమము. గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త, ఆముదము మనకెంత ఆత్మీయములైనను పసిపిల్లల చేతికందు చోట ఉండరాదు. ఇక పురుగుమందు. 2013 జూలైలో బీహారులోని గండామన్ గ్రామపు బడిలో మోనోక్రోటోఫాస్ కలిసిన నూనెతో వండిన మధ్యాహ్నభోజనము తిని 23 మంది పిల్లలు మరణించిరి. ఆ ఘోరము తోటలో జరిగినది కాకపోవచ్చును. పురుగుమందునకు బడి కప్పు క్రింద చోటులేదని చెప్పుటకు ఇంతకంటె వేరు సాక్ష్యము అక్కరలేదు.

ఈ జాగ్రత్తలన్నియు పెద్దలే మోసి, పిల్లవానిచేత చెంబెడు నీళ్ళు పోయించి ఫోటో తీయుట మన యిండ్లలో ఆనవాయితీ యగుచున్నది. కాలేజీ దరఖాస్తులో సేవాగంటల పట్టిక నిండుటకై తండ్రి పాదులు తీయును, తల్లి ఉత్తరము వ్రాయును, అబ్బాయి సంతకము చేయును. మేము కోరునది దీనికి విపర్యయము. ఎచ్చట ఎంత చోటు కావలెనో, నీరెచ్చటినుండి వచ్చునో, మొక్క చచ్చినచో ఎవరు పెరికివేయుదురో తెలుపుచు అనుమతిని కోరు లేఖను పిల్లలే వ్రాయవలెను. కాదన్నచో ఏల కాదనిరో తెలిసికొని మరల వ్రాయవలెను. మట్టి పరీక్షలో తేలిన అంకెలను వారే చదివి తోడివారికి విప్పిచెప్పవలెను. పనిముట్ల లెక్కయు కుళాయి కట్టు బాధ్యతయు వంతులవారీగా వారివే కావలెను. అయితే బాధ్యత వేరు, వెట్టి వేరు. మాస్టారింటికి నీళ్ళు మోయించుటయు, తప్పుచేసినవానిచేత ఎండలో కలుపు తీయించుటయు మన ఊళ్ళలో ఒకప్పుడు కద్దు; తోటను శిక్షాస్థలముగా చేసినవారు ఆ పిల్లవానికి మట్టిమీద జన్మకు సరిపడు రోతను కలిగించిరి.

బాధ్యతకు అసలు పరీక్ష వేసవి. ఆంధ్ర, తెలంగాణములలో బడి జూన్ నడుమ తెరచును, ఆ వెంటనే తొలకరి పడును. చదువును సాగును కలిసి మొదలగును. ఇచ్చట వంగయు బీరయు పూతకు వచ్చు వేళకు బడి మూతపడును, మనలో అనేకులు ఇండియా విమానమెక్కుదురు, తిరిగి వచ్చునప్పటికి పందిరిపై ఎండిన తీగలు మిగులును. టికెట్టు కొనిన దినముననే, తమ నీళ్ళ వంతును ఎవరికి అప్పగించుచున్నారో పిల్లలు కాగితముపై వ్రాసి బడికిచ్చుట మేలు. ఒప్పుకొనువారు దొరకనిచో ఆ యేటికి మడిని చిన్నది చేసికొనవలెను.

మా బాలవిభాగమునకు బడితోట ముచ్చటలు పంపు చిన్నారులకు ఒక మనవి. మొదటి కాయ ఫోటోతోపాటు మీరు వ్రాసిన అనుమతి లేఖ ప్రతిని, జూలైలో నీళ్ళు ఎవరెవరు పోసిరో ఆ వివరమును పంపుడు. పుటలో చోటు చాలనిచో కాయ ఫోటోనే తీసివేయుదుము.