తర్వాత ఏ గేమ్? గంటలు చూసి ఎంచుకోకండి

పెద్ద రోల్ ప్లేయింగ్ గేమ్‌ను గంటలు చూసి ఎంచుకోవడం అంటే, పెళ్లి భోజనం బాగుందో లేదో విస్తరిని తూకం వేసి చెప్పడం లాంటిది. అయినా అందరూ అదే చేస్తున్నారు. "ఇది 60 గంటలు ఆంటీ, అది 100 గంటలు. అదే మంచి బేరం." పెండిల్ హిల్‌లో మా పక్కింటి అబ్బాయి ఇదే అంటాడు. గుడి వంటగదిలో నాతో కూరగాయలు తరిగే కుర్రాళ్లు ఇదే అంటారు. ఈ వారం ఈ మాట మీద పోట్లాడాలని ఉంది.

కొత్తగా చదివేవాళ్లకు నా గురించి రెండు ముక్కలు. నాకు అరవై దాటాయి. చదువంతా ఇంగ్లీష్ మీడియం. మాట్లాడే తెలుగు ఇంట్లో వచ్చింది. చదవడం, రాయడం నా అంతట నేను నేర్చుకున్నవి, ఇంకా నేర్చుకుంటున్నవి. ఆదివారాలు గుడిలో సేవ, కొన్ని రాత్రులు భోజనాలయ్యాక గేమ్. "ఈ వయసులో గేమ్‌లా?" అనేవాళ్లకు నా జవాబు చిన్నది. ఏళ్ల తరబడి సాగే టీవీ సీరియల్ చూసేవాళ్లను ఎవరూ ఆ ప్రశ్న అడగరు. నన్నూ అడగొద్దు.

ముందు లెక్క చూద్దాం. ఇక్కడ కొత్త పెద్ద గేమ్ సుమారు 100 డాలర్లు. వంద గంటలు ఆడితే గంటకు ఒక డాలర్. సినిమా టికెట్ కంటే చాలా చవక. ఈ లెక్కలో తప్పు లేదు. కానీ నాకు కొరత డాలర్లది కాదు, సాయంత్రాలది. వారానికి ఐదు గంటలు ఆడతాననుకోండి. ఏడాదికి 260 గంటలు. అంటే వంద గంటల గేమ్‌లు ఏడాదికి రెండున్నర. ఇంకో పదిహేనేళ్లు కళ్లూ వేళ్లూ సహకరిస్తే 39 గేమ్‌లు. అంతే! ఒక్క సేల్‌లో అంతకంటే ఎక్కువ కొని దాచుకున్న కుర్రాళ్లు నాకు తెలుసు. వయసులో ఉన్నవాళ్లకు టైమ్ ఎక్కువ అనుకోకండి. ఉద్యోగం, ట్రైన్, చిన్నపిల్లలు ఉన్నవాళ్లకు వారానికి ఐదు గంటలు దొరకడమే కష్టం.

ఇంకో చిక్కు ఉంది. ఆ ఐదు గంటలే నా తెలుగు గంటలు కూడా. గేమ్ పెడితే పుస్తకం మూసేయాలి. నేను ఆడిన పెద్ద గేమ్‌లలో ఒక్కదాని సెట్టింగ్స్‌లో కూడా తెలుగు కనబడలేదు. పోలిష్ కనబడింది, చెక్ కనబడింది. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్లు 8 కోట్ల పైన. పోలండ్ జనాభా 4 కోట్లు లేదు. చెక్ దేశం జనాభా సుమారు ఒక కోటి. అయినా 2015లో వచ్చిన విచర్ 3 పోలండ్ స్టూడియో చేసింది, పోలిష్ రచయిత సప్కోవ్‌స్కీ పుస్తకాల మీద ఆధారపడింది. 2018లో వచ్చిన కింగ్‌డమ్ కమ్ డెలివరెన్స్ చెక్ స్టూడియో చేసింది, 1403 నాటి సొంత ఊళ్ల కథతో. మనం వాళ్లకంటే ఎక్కువమందిమి. మన నోట్లో కథలకు కూడా తక్కువేమీ లేదు.

అందుకని ఈ గేమ్‌లలోకి తెలుగు రావాలంటే ప్రస్తుతానికి ఒక్కటే దారి. ఆడినవాళ్లు తెలుగులో తిరిగి చెప్పాలి. ఇదే నా వాదన మొత్తం. తర్వాత ఏ గేమ్ ఆడాలి? వచ్చే ఆదివారం తెలుగులో ఎవరికైనా చెప్పగలిగేది ఆడాలి. చెప్పడానికి ఏమీ లేని గేమ్ 200 గంటలున్నా వద్దు.

ఒక ఉదాహరణ చెబుతాను. విచర్ 3లో వెలెన్ అనే పాడుబడ్డ ప్రాంతం ఉంది. అక్కడ ఒక బారన్ ఉంటాడు. తాగుబోతు, భార్యను కొడతాడు. భార్య, కూతురు ఇల్లు విడిచి వెళ్లిపోయారు. అంతకుముందు కడుపులోనే పోయిన బిడ్డ ఒకటి దెయ్యమై తిరుగుతూ ఉంటుంది. దాన్ని చంపేయొచ్చు. లేదంటే దానికి పేరు పెట్టి, ఇంటి గడప కింద పాతిపెట్టొచ్చు. అలా చేస్తే అది ఆ ఇంటిని కాపాడే ఆత్మ అవుతుంది.

ఈ కథను నేను గుడి వంటగదిలో సొరకాయలు తరుగుతూ చెప్పాను. ఆడుతున్నప్పుడు ఇంగ్లీష్‌లో అది నాకు తలుపు దగ్గర ఒక గొయ్యి మాత్రమే. తెలుగులో చెప్పేటప్పుడు నోటికి "గడప" అన్న మాట వచ్చింది. అంతే, అందరి కత్తులూ ఆగాయి. గడప అంటే మనకు పసుపు రాసి బొట్టు పెట్టేది, తొక్కకుండా దాటేది. పక్కనున్న పెద్దావిడ వెంటనే అడిగింది. "మరి ఆ బిడ్డకు ఏం పేరు పెట్టారమ్మా?" ఆవిడ జన్మలో కంట్రోలర్ పట్టుకోలేదు. కానీ ఆ ఘట్టానికి ప్రాణం పేరు పెట్టడంలోనే ఉందని ఒక్క నిమిషంలో పట్టేసింది. ఆ కథ నాకు ఆడినప్పుడు కంటే చెప్పినప్పుడు ఎక్కువ అర్థమైంది.

కథ చెప్పేటప్పుడు వినేవాళ్లు "ఊ" కొట్టాలని మన ఇళ్లలో ఒక నియమం ఉంది కదా. ఊ ఆగితే పిల్లాడు నిద్రపోయాడని అర్థం. గేమ్‌లో ప్రతి మాట తర్వాత మనం బటన్ నొక్కుతాం చూడండి, అదే ఊ కొట్టడం. ఏ గేమ్‌లోనైనా మాటలు చదవకుండా బటన్ గబగబా నొక్కేస్తున్నారంటే, మీరు ఊ కొట్టడం మానేశారు, నిద్రపోయారు. ఆ గేమ్ ఆపేయండి. ఇది నా మొదటి పరీక్ష.

రెండో పరీక్ష సైడ్ క్వెస్ట్‌లది. మనకు కాశీమజిలీ కథలు ఉన్నాయి. మధిర సుబ్బన్న దీక్షితులు గారు రాశారు, 12 భాగాలు. ఒక సన్యాసి కాశీకి నడిచి వెళ్తుంటాడు, వెంట ఒక పశువుల కాపరి కుర్రాడు. ప్రతి మజిలీలో కుర్రాడికి ఏదో వింత కనబడుతుంది, దాని వెనక కథ సన్యాసి చెబుతాడు. కుర్రాడు వెంట వస్తున్నదే ఆ కథల కోసం. మంచి సైడ్ క్వెస్ట్ అంటే అలాంటి మజిలీ. చెడ్డ సైడ్ క్వెస్ట్ అంటే "పది తోడేళ్ల తోకలు తెచ్చివ్వు". అది కొట్టుకి వెళ్లి కొత్తిమీర కట్ట తెచ్చే పని. ఆ పని నేను రోజూ మా వీధిలోనే చేస్తున్నాను, దానికి 100 డాలర్లు ఎందుకు? 150 గంటల గేమ్‌లో 90 గంటలు కొత్తిమీర అయితే, అది పెద్ద గేమ్ కాదు, నీళ్లు కలిపిన పాలు.

డిస్కో ఎలీసియం చూడండి, 2019లో వచ్చింది. కథ ముప్పై గంటల్లోపే అయిపోతుంది. కానీ దానిలో సుమారు పది లక్షల మాటలు ఉన్నాయి. కత్తి తిప్పేది లేదు, అంతా మాట్లాడటమే. చివరికి హీరో టై కూడా మాట్లాడుతుంది. గంటలతో కొలిస్తే చిన్నది, చెప్పడానికి కూర్చుంటే తరగదు.

దీనికి కొందరు ఎదురు చెబుతారు. "ఆంటీ, ఆఫీసు నుంచి అలిసిపోయి వస్తాం. బుర్ర పెట్టకుండా నాలుగు దెబ్బలు కొట్టాలని ఉంటుంది. దీన్ని కూడా హోంవర్క్ చేయకండి." న్యాయమే. దెబ్బలు కొట్టుకోండి. కానీ దానికి వంద గంటల గేమ్ అక్కర్లేదు, పది నిమిషాల గేమ్‌లు బోలెడు. వంద గంటలు ఒకే మనుషుల మధ్య ఉండబోతున్నారంటే, వాళ్లు ఎవరో, ఏం మాట్లాడతారో చూసుకోరా? ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు చదరపు మీటర్లు ఒక్కటే చూస్తారా?

ఇంకొందరు అంటారు, "నాకు అంత తెలుగు రాదు, గేమ్ కథ ఎలా చెప్పను?" వాళ్లకు కింగ్‌డమ్ కమ్ హీరో హెన్రీని చూపిస్తాను. కమ్మరి కొడుకు. వాడికి చదవడం రాదు. గేమ్‌లో పుస్తకం తెరిస్తే అక్షరాలన్నీ తారుమారుగా కనబడతాయి. ఒక లేఖకుడి దగ్గరికి వెళ్లి నేర్చుకోవాలి. తర్వాత కూడా ఒక్కసారిగా రాదు. చదివేకొద్దీ మాటలు ఒక్కొక్కటీ సర్దుకుంటాయి. ఘ, ఝ చూసినప్పుడు నాకు అచ్చం అలాగే ఉండేది! చదువు రాని కష్టాన్ని ఇంత సూటిగా చూపించిన పాఠ్యపుస్తకం నేను చూడలేదు. ఈ సంగతిని మూడు తెలుగు వాక్యాల్లో చెప్పండి చాలు. "వాడికి చదవడం రాదు. ఒకాయన నేర్పాడు. మెల్లగా వచ్చింది." మూడు వాక్యాలూ సరైన తెలుగే.

మరి "మొదలుపెట్టినవి పూర్తి కాలేదు" అనే దిగులు సంగతి? పూర్తి చేయని గేమ్‌ల చిట్టా పెట్టుకుని, అప్పులవాడికి భయపడ్డట్టు భయపడేవాళ్లు ఉన్నారు. ఆ దిగులు వదిలేయండి. మన తెలుగు భారతమే మధ్యలో ఆగింది. 11వ శతాబ్దంలో నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు. 13వ శతాబ్దంలో తిక్కన విరాటపర్వం నుంచి అందుకుని చివరిదాకా రాశాడు. మిగిలిన అరణ్యపర్వాన్ని 14వ శతాబ్దంలో ఎఱ్ఱన పూర్తి చేశాడు. ముగ్గురి చేతులు పడితే గానీ పూర్తి కాలేదు, అందుకని ఎవరూ దాన్ని చులకన చేయలేదు. మీరు నలభై గంటల దగ్గర ఆపారా? అక్కడిదాకా తెలుగులో చెప్పండి. తర్వాత ఏమైందో ఇంకొకరు చెబుతారు. మా వంటగదిలో ఒక గేమ్ కథ సగం నేను చెబితే, మిగతా సగం ఇంటర్నెట్‌లో చూసి వచ్చి ఒక పదమూడేళ్ల అమ్మాయి చెప్పింది. ఆ అమ్మాయి అప్పటిదాకా నాతో తెలుగులో "నమస్తే" తప్ప ఏమీ అనలేదు.

నా అసలు గొడవ ఇక్కడుంది, ఇది పెద్దవాళ్లతో. మనం పిల్లలను "తెలుగులో మాట్లాడు" అంటాం. ఏం మాట్లాడాలి? "బాగున్నావా, తిన్నావా, ఎగ్జామ్ ఎప్పుడు?" మూడు ప్రశ్నలు, మూడు జవాబులు, అయిపోయింది. వాడి బుర్రలో మూడు నెలలుగా ఒక రాజ్యం తిరుగుతోంది. అందులో ద్రోహాలు, ప్రేమలు, చావులు ఉన్నాయి. దాని గురించి మనం ఒక్క ముక్క అడగం. పైగా "ఆ చెత్త ఆపు" అంటాం. తర్వాత పిల్లలకు తెలుగు రాదని గుళ్లో కూర్చుని బాధపడతాం. వాళ్లు చెప్పాలనుకున్న కథను తెలుగులో వినడానికి మనం సిద్ధంగా లేకపోతే, వాళ్లు దాన్ని ఇంగ్లీష్‌లో వేరేవాళ్లకు చెప్పుకుంటారు. అందులో వింత ఏముంది? ఒక్క సాయంత్రం ఫోన్ పక్కన పెట్టి, "నీ గేమ్‌లో ఏమవుతోందిరా?" అని అడగండి. మాట తడబడితే అందించండి. తప్పు పడితే నవ్వకండి. ఊ కొట్టండి.

ఇంతకీ నేను తర్వాత ఏది ఆడబోతున్నాను? నా ముందు రెండు ఉన్నాయి. మొదటిది కొత్తది, దాని మ్యాప్ నిండా గుర్తులే. రెండు గంటలు ఆడి చూశాను. ఆ రెండు గంటల గురించి తెలుగులో ఒక్క వాక్యం వచ్చింది: "కొండెక్కాను, దిగాను." రెండోది పర్సోనా 5 రాయల్. జపాన్‌ది, టోక్యోలో ఒక స్కూలు ఏడాది, రోజు తర్వాత రోజు. అదీ వంద గంటలే, కాబట్టి పొడుగు మీద నాకు పగ లేదని తెలుసుకోండి. దాని కథ ఇది: చెడ్డ పెద్దవాళ్ల మనసుల్లో ఒక్కొక్కరికి ఒక్కో కోట ఉంటుంది. పిల్లలు ఆ కోటలోకి దూరి లోపలున్న దురాశను దొంగిలిస్తారు. కొన్నాళ్లకు ఆ పెద్దమనిషి నలుగురిలో ఏడ్చి తప్పు ఒప్పుకుంటాడు. అచ్చం చందమామ కథలా లేదూ? వచ్చే ఆదివారం వంకాయలు తరిగేటప్పుడు మొదటి కోట కథ చెబుతాను. వచ్చి వినండి, కత్తిపీట ఇస్తాను.

ఈసారి మాటలు:

మజిలీ: ప్రయాణంలో రాత్రికి ఆగే చోటు.
ఊ కొట్టడం: కథ వింటున్నానని చెప్పేవాళ్లకు తెలియజేయడం.
గడప: వాకిలి కింద అడ్డంగా ఉండే చెక్క. అంతకంటే చాలా ఎక్కువ.
తూకం: బరువు చూడటం. కూరగాయలకు పనికొస్తుంది, కథలకు కాదు.