తడిపాదమునకు తగిన నేల

వేసవి సెలవులు సమీపించగానే మన నగరములలోని ఈతకొలనులను గూర్చి మాటలు మొదలగును. నీటిలో క్లోరిను పాలెంత, లోతెంత, గట్టుమీద రక్షకులెందరు, నెలకు రుసుమెంత యని తల్లిదండ్రులు విచారింతురు, విచారింపవలసినదే. కాని కొలనులోనికి దిగుటకు ముందొకమారును, వెలుపలికి వచ్చిన పిదప మరియొకమారును ప్రతివారును తప్పక దాటవలసిన దుస్తులు మార్చుకొను గదిని గూర్చి, అందును ఆ గది నేలను గూర్చి, అడుగువారు మిక్కిలి అరుదు. గచ్చిబౌలి జలక్రీడా ప్రాంగణమువంటి పెద్ద నిర్మాణము మొదలుకొని అపార్టుమెంట్ల నడుమ నీలిటైళ్లు పరచిన చిన్న కొలను వరకు మన రెండు రాష్ట్రములందును ఈతకొలనులు పెరుగుచున్న యీ కాలమున, ఆ నేలను ఎంచుకొను పనిని గదుల అలంకరణ తెలిసినవారి అభిరుచికిని, టైళ్ల దుకాణమువారి సలహాకును విడిచిపెట్టరాదనియు, దానిని కొలిచి, అంకెతో చెప్పి, ఒప్పందపత్రమున వ్రాసికొనవలెననియు నా అభిప్రాయము.

కాలుజారి పడుట యనినంతనే చూచినవారు నవ్వుదురు. పడినవాడును సిగ్గుపడి లేచి నవ్వును. అందుచేతనే కాబోలు దానిని మనము ప్రమాదముల జాబితాలో చేర్చలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము లోకమున ఏటేట సుమారు 6,84,000 మంది పడిపోవుటవలననే మరణించుచున్నారు. ఎవరును కోరక సంభవించు గాయములవలని మరణములలో రహదారి ప్రమాదముల తరువాతి స్థానము దీనిదే. ఈ మరణములన్నియు ఈతకొలనులవద్ద జరిగినవి కావు. కాని ఆ సంస్థయే 2006లో ఈతకొలనుల భద్రతను గూర్చి ప్రకటించిన మార్గదర్శక గ్రంథములో, నీట మునుగుటను గూర్చి వ్రాసిన చేతితోనే కొలను పరిసరముల జారుడును గూర్చియు వ్రాసినది.

ఆ గదిలో మనుష్యుడు చేయు పనిని కొంచెము తలచి చూడుడు. ఒడలెల్ల తడిసియుండగా, కన్నులలో నీరింకను చెమర్చుచుండగా, చేత లాగు పట్టుకొని, ఒంటికాలిపై నిలిచి, రెండవకాలిని తడికి అంటుకొనిపోవుచున్న బట్టలోనికి దూర్చుటకు యత్నించుచుండును. యోగాసనములు నేర్చినవారికి సైతము సులభముకాని యీ భంగిమను, స్నేహితులు పిలుచుచున్నారని తొందరపడు ఏడేండ్ల బాలుడును, మోకాళ్ల నొప్పులకు నీటిలో నడువుమని వైద్యుడు చెప్పగా వచ్చిన వృద్ధుడును ఒకే నేలపై నిలిచి చేయవలసియున్నది. వారిరువురకును ఆధారము అరచేయి వెడల్పైనను లేని పాదతలము. దాని క్రింద నీరు. ఆ నీటిలో ఒకరి సబ్బునురుగు, ఒకరి షాంపూ, తలకు కొబ్బరినూనె రాచుకొని స్నానమునకు వచ్చు మన చిరకాలపు అలవాటు పుణ్యమా యని కొంత నూనెయును.

జారుటకు కారణము నీరని సామాన్యముగ అందురు. సూక్ష్మముగ విచారించినచో, నీరు తప్పించుకొనిపోవుటకు తావులేకపోవుటయే కారణము. మడమ నేలను తాకిన క్షణమాత్రములో, దాని క్రింది నీరు ఇరుప్రక్కలకు తొలగవలెను. నేల అద్దమువలె నున్ననిదైనచో ఆ నీరు పలుచని పొరగా అచ్చటనే నిలిచి, పాదము నేలను అంటక నీటిపైననే సాగిపోవును. నేలపై కంటికి కనబడని సూక్ష్మశిఖరములున్నచో అవి ఆ పొరను చీల్చుకొని చర్మమును తాకి పట్టు నిచ్చును. శుభ్రమైన నీటికి ఈ గరుకుదనము ఇంచుమించు 20 మైక్రాన్లు, అనగా మిల్లీమీటరులో యాబదియవ వంతు, ఉన్నను చాలునని బ్రిటిషు భద్రతాధికారులు చెప్పుదురు. సబ్బును నూనెయు కలిసి నీరు చిక్కబడినకొలది అంతకు మించిన గరుకుదనము కావలసివచ్చును. కావున పొడిగా నున్నప్పుడు దుకాణములో అరచేతితో నిమిరి, ‘ఇది జారదు’ అని తీర్పు చెప్పువారి మాటకు విలువ యేమియు లేదు.

మన దుకాణములలో జరుగునది అదియే. గుజరాతులోని మోర్బీనుండి వచ్చిన విట్రిఫైడ్ టైలును విద్యుద్దీపముల క్రింద నిలబెట్టి, మిలమిల మెరయునది వసారాకనియు, మెరయనిది స్నానాలగదికనియు చెప్పుదురు. మెరయని దానికి ‘మ్యాట్’ అనియు, ‘యాంటీ స్కిడ్’ అనియు పేరు. మెరుపు వెలుతురునకు సంబంధించినది, పట్టు పాదమునకు సంబంధించినది. మెరయని టైలు సైతము తడిసినప్పుడు చక్కగా జారగలదు. కొంచెము తెలిసిన కొనుగోలుదారుడు ఆధారము చూపుమనినచో, డబ్బాపై అచ్చువేసిన ‘ఆర్-9’ అను గుర్తును చూపుదురు. తొమ్మిది యనగానే పదింట తొమ్మిది మార్కులు వచ్చినట్లు మన మనస్సునకు తోచును. నిజమునకు ఆ కొలమానము తొమ్మిదితోనే ఆరంభమై పదమూడుతో ముగియును. ఆర్-9 దానిలో అట్టడుగు మెట్టు.

ఆ గుర్తు ఎట్లు పుట్టినదో తెలిసినచో మన గదికి దాని అనర్హత మరింత స్పష్టమగును. జర్మనులు డి.ఐ.ఎన్. 51130 అను ప్రమాణము క్రింద ఒక వాలుబల్లపై టైళ్లను పరచి, వానిపై యంత్రపు నూనె పోసి, అడుగున గాట్లుగల పనివారి బూట్లు తొడిగిన మనుష్యుని, పడిపోకుండ నడుమునకు పట్టీ కట్టి, ముందునకును వెనుకకును నడిపింతురు. బల్ల వాలును క్రమముగా పెంచుకొనుచు పోయి, అతడు జారిన కోణమును గుర్తింతురు. ఆరు మొదలు పది డిగ్రీలలోపల జారినచో ఆ టైలు ఆర్-9. ఈ పరీక్ష కర్మాగారములకును వంటశాలలకును మిక్కిలి ఉపయోగకరము. బూట్లు తొడిగికొని, యంత్రపు నూనెలో నడచుచు దుస్తులు మార్చుకొనువాడెవడైన ఈతకొలనులో నున్నచో వానికిని ఉపయోగింపవచ్చును.

చెప్పులులేని పాదములకు అదే దేశమువారు వేరొక పరీక్ష నేర్పరచిరి. డి.ఐ.ఎన్. 51097 అను ఆ ప్రమాణములో బల్ల అదే, వాలు అదే; కాని నడుచువాడు ఉత్తకాళ్లతో నడచును, నేలపై సబ్బునీరు ప్రవహించుచుండును. 12 డిగ్రీలవరకు జారనిది ‘ఎ’ తరగతి, 18 వరకు నిలిచినది ‘బి’, 24 వరకు నిలిచినది ‘సి’. 2021లో ఇ.ఎన్. 16165 అను ఐరోపా ప్రమాణము ఈ పరీక్షలన్నింటిని ఒక్క గ్రంథములోనికి చేర్చినది. జర్మనుల వాడుకలో ‘సి’ నీటిలోనికి దిగు మెట్లకును, కాళ్లు కడుగుకొను తొట్లకును; ‘బి’ షవర్ల గదులకును కొలనుగట్టునకును; ‘ఎ’ దుస్తులు మార్చుకొను గదులకు.

ఇచ్చట నేను జర్మనులతో ఏకీభవింపలేను. వారు దుస్తుల గదికి అట్టడుగు తరగతి నిచ్చుటకు కారణము, వారి గదులలో నేల చాలవరకు పొడిగా నుండుననుట. మన గదులలో తరచుగా షవరును, బట్టలు తగిలించుకొను కొక్కెములును ఒకే నాలుగు గోడల నడుమ నుండును. నడుమ గడప యుండదు, తెర యుండదు, ఒడలు తుడుచుకొనుటకు వేరు తావుండదు. తీరాంధ్రపు గాలిలో ఉదయము తడిసిన నేల మధ్యాహ్నమునకు గాని ఆరదు. అంతలోనే రెండవ జట్టు బాలురు వత్తురు. అట్టి గదికి ‘ఎ’ తరగతి చాలునని పుస్తకము చూపి వాదించుట పుస్తకమునకే అపచారము. మన దేశములో దుస్తులు మార్చుకొను గదికి ‘బి’ తరగతికి తక్కువైన టైలును అంగీకరింపరాదు.

ప్రయోగశాలలో గెలిచిన టైలు మన గదిలో ఓడిపోవచ్చును. పరచినప్పుడు మేస్త్రి పైన వదలిపెట్టిన సిమెంటు పాలు, మెరుపు కొరకు పూసిన సీలరు, రెండేండ్ల అరుగుదల, బోరునీటి సున్నము పేరుకొనుట, ఇవి యన్నియు టైలు స్వభావమును మార్చివేయును. అందుకొరకు పరచిన నేలమీదనే చేయదగిన లోలకపరీక్ష యొకటి గలదు. 1940లలో అమెరికా ప్రమాణశాలలో సిగ్లర్ అను శాస్త్రజ్ఞుడు దానిని నిర్మింపగా, బ్రిటనులోని రహదారి పరిశోధనశాలవారు తరువాత దానిని రోడ్లకొరకు సవరించిరి. లోలకము కొసన రబ్బరు తునక యుండును; అది మడమవలె వచ్చి తడినేలను రాచుకొని పోవును; రాపిడివలన లోలకము ఎంత మందగించినదో ముల్లు చూపును. అంకె 24 లోపలనైనచో అపాయము హెచ్చు, 25 మొదలు 35 వరకు మధ్యమము, 36 గాని అంతకు మించి గాని యున్నచో స్వల్పము. ఉత్తకాళ్ల నేలకు మెత్తని రబ్బరు తునకను, బూట్ల నేలకు గట్టిదానిని వాడవలెను. ఈ భేదము తెలియనివాడు తెచ్చు నివేదికను నమ్మరాదు. తిరుగలి అరిగినప్పుడు మరల గంట్లు కొట్టించుకొనిన తల్లుల బిడ్డలము గనుక, నేల గరుకుదనమును ఏటేట పరీక్షించుకొనుట మనకు క్రొత్తగా తోచనక్కరలేదు.

మన రాళ్ల మాట చెప్పక ముగించుట భావ్యము కాదు. తాండూరు, షాబాదు, బేతంచెర్ల నాపబండలు గనినుండి పొరపొరగా చీలివచ్చినప్పుడు వాని సహజమైన ముఖము కొంత గరుకుగా నుండి పాదమునకు మంచి పట్టు నిచ్చును; వానినే మెరుగుపట్టించి పరచినచో, కడప నల్లబండవలెనే, తడిసినంతనే జారుడుబల్లలగును. చీమకుర్తి నల్లగ్రానైటు ప్రపంచప్రసిద్ధమైనది. దాని అద్దపు మెరుపును హోటళ్ల వసారాలకు విడిచి, స్నానపు తావులకు మంటతో కాల్చి గరుకుచేసిన గ్రానైటును వాడవలెను. నాపరాయితో మరియొక చిక్కు గలదు. అది సున్నపురాతి జాతిది. మనవారు స్నానాలగదులను కడుగు యాసిడ్ దానిని తినివేయును, అతుకులలోని సిమెంటునుగూడ తినివేయును. రాతిని ఎంచుకొన్నవారు ఆ సీసాను గదిలోనికి రానీయరాదు. ఇక గోదావరి రేవుల మెట్లపై నాచు సంగతి ఎరిగినవారికి, ఎంత గరుకైన రాయియైనను కడుగక విడిచినచో ఏమగునో నేను చెప్పనక్కరలేదు.

తక్కిన వస్తువులను గూర్చి క్లుప్తముగ చెప్పెదను. చిన్నచిన్న మొజాయికు టైళ్లకు అతుకులు హెచ్చు గనుక పట్టు హెచ్చు, అతుకులలో మురికియు హెచ్చు. గరుకురేణువులు కలిపి తయారుచేసిన వినైలు పరపు కాలికి చల్లగా తగులదు, అతుకులు తక్కువ. కాని క్రింద నేల చెమ్మగిలినచో పైకి లేచును. రంధ్రములుగల ప్లాస్టిక్ చాపలు పాత నేలకు తాత్కాలికమైన మందు. ప్రతిరాత్రియు ఎత్తి క్రింద కడుగనిచో అవి శిలీంధ్రములకు నిలయములై, కాలివ్రేళ్ల సందులలో ఒరుపును పంచిపెట్టును. చెక్కపలకలను ఎంతమాత్రము అంగీకరింపరాదు.

గరుకుదనము మంచిదన్నారని ఆకురాయివంటి నేలను పరచుటయు అవివేకమే. పడిన పిల్లవాని మోకాలి చర్మము ఊడివచ్చును; మురికి గుంటలలో చేరి, ఆ మురికిపై జిడ్డు చేరి, కొన్ని నెలలలో అదియు జారుటకు ఆరంభించును. మాపుతో తుడుచుట వలన జిడ్డు తొలగదు, గదియంతట సమముగా పరచుకొనును. బ్రష్షు, జిడ్డు వదలించు ద్రావకము, పిమ్మట ధారాళముగా మంచినీరు, ఈ మూడును కావలెను. ఆ నీరు పోవుటకు మీటరునకు ఇంచుమించు రెండు సెంటీమీటర్ల వాటము కావలెను. వాటము లేని గదిలో ఏ తరగతి టైలు పరచినను గుంటలో నీరు నిలువక మానదు. ఈ పనియంతయు చేయువారు తరచుగా తక్కువ జీతముగల స్త్రీలు; వారికి బ్రష్షు నీయక మాపు మాత్రమిచ్చి, ‘శుభ్రత లేదు’ అని కోపపడు నిర్వాహకులను నేనెరుగుదును.

‘జాగ్రత్తగా నడువుడు’ అని బోర్డు పెట్టితిమి గదా యని కొందరు సమాధానము చెప్పుదురు. నేల జారునని యజమానికి ముందే తెలియుననుటకు ఆ బోర్డు వ్రాతపూర్వకమైన సాక్ష్యము. కండ్లద్దాలు తీసి లోపల పెట్టి వచ్చినవాడు దానిని చదువలేడు. చదువు రాని పసివాడు చదువనేలేడు. మంచి నేలకు వ్యయమధికమందురు. టైలు వెల ఎట్లున్నను సిమెంటు, ఇసుక, కూలి ఒక్కటియే. తప్పు టైలును పగులగొట్టి మరల పరచునప్పుడు ఆ వ్యయమంతయు రెండుమారులగును.

పురపాలక సంఘముల ఇంజనీర్లకును, పాఠశాలల యాజమాన్యములకును, అపార్టుమెంట్ల సంఘముల పెద్దలకును నా విన్నపమొక్కటే. రాబోవు టెండరులో ‘యాంటీ స్కిడ్ టైళ్లు’ అను మాటను కొట్టివేసి, దాని చోట ఈ వాక్యమును వ్రాయుడు: ‘టైలు ఉత్తకాళ్ల వాలుబల్ల పరీక్షలో బి తరగతికి తగ్గరాదు, పరచిన పిదప నేలను తడిపి, మెత్తని రబ్బరు తునకతో లోలకపరీక్ష చేయగా ఏ మూలను అంకె 36నకు తగ్గరాదు.’ ఆ పరీక్ష మీ యెదుట జరిగిన పిమ్మటనే గుత్తేదారునకు తుది బిల్లు చెల్లించుడు.